రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ – మూడు మాటల చరిత్ర



మా ద్వారకా తిరుమలలో తరతరాలుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది. పెద్ద తిరుపతి స్వామికి మొక్కిన మొక్కును చిన్న తిరుపతిలో తీర్చుకొనవచ్చునట. చిన్న తిరుపతిలో మొక్కిన మొక్కును మాత్రం ఇక్కడనే తీర్చవలెనట. చిన్ననాటి నుండి వింటున్న ఈ మాట, పదవీ విరమణ తరువాత తీరికగా 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టాన్ని చదువుతుండగా జ్ఞాపకం వచ్చి నవ్వు పుట్టించినది. ఢిల్లీలోని జాతీయ కమిషన్ తన వద్దకు వచ్చిన ఫిర్యాదును ఆయా రాష్ట్ర కమిషన్‌కు బదిలీ చేయవచ్చును. రాష్ట్ర కమిషన్ ముందున్న ఫిర్యాదును మాత్రం జాతీయ కమిషన్ విచారింపరాదు. చట్టం వ్రాసినవారికి మా ఊరి నానుడి తెలిసియుండదు గాని, న్యాయం రెండు చోట్లా ఒకటే.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు. అదే చట్టంలో మరి కొన్ని పుటలు తిప్పగానే, నేను ఏనాడో చేసిన ఒక పొరపాటు ఎదురైనది. ఆ పొరపాటు చెప్పి, తరువాత చరిత్రలోకి వెళ్తాను.

2008 సంక్రాంతి వెళ్ళిన తరువాత, కొల్లేటి లంక గ్రామం నుండి ఒక తల్లి మా ఇంటికి వచ్చినది. ఆమె కుమారుడు నా శిష్యుడు. పదవ తరగతితో చదువు ఆపి, చేపల చెరువుల మీద రాత్రి కాపలాకు కుదిరినాడు. చెరువు గట్టు మీద నీళ్ళ ఇంజను ఒకటి పోయినదని అతనిని పోలీసులు తీసికొనిపోయి, మూడు రోజులు ఉంచుకొని, ఏ కోర్టులోనూ హాజరు పరచకుండానే పంపివేసినారు. వచ్చిననాటి నుండి కుడికాలు సరిగా మోపలేకపోయినాడు. కొన్నాళ్ళకు ఇంజను మరొకరి వద్ద దొరికినది. “మాస్టారండీ, దొంగోడు కాదని తేలిపోయింది గదండీ. మరి నా బిడ్డ కాలో? హైదరాబాదులో దీనికంటూ ఓ ఆపీసుందంట. ఓ కాయితం రాసి పెట్టండి” అని అడిగినది.

వ్రాసినాను. నాలుగు పుటలు. మాతృహృదయ వేదన, రక్షకులే భక్షకులగుట, ధర్మదేవత నాలుగు పాదాలు — నేను చదివిన చదువంతా అందులో పెట్టినాను. ఏలూరులో వకీలుగా ఉన్న మిత్రుని వద్దకు తీసికొనిపోతే, ఆయన ఓపికగా చదివి, “మాస్టారూ, వచనం బాగుంది. తేదీ ఏదీ?” అన్నారు. తేదీ నేను అడుగనే లేదు. ఆమెను అడిగితే, “అట్లతద్దె వెళ్ళిన మూడోనాడండీ, కిందటేడు కాదు, ఆ ముందటేడు” అన్నది. పంచాంగం తిరుగవేసినాను. ఏడాది దాటి మూడు నెలలైనది. వకీలు మిత్రుడు కాగితం మడిచి నా చేతిలో పెట్టినారు. ఘటన జరిగిన నాటి నుండి ఏడాది గడచినచో ఆ విషయాన్ని కమిషన్ విచారింపరాదని చట్టంలోని 36వ సెక్షన్ చెప్పుచున్నదని అప్పుడే మొదటిసారి విన్నాను. కోర్టు దారి వేరే ఉన్నదని ఆయన చెప్పినారు గాని, ఆ కుర్రవాడు కోర్టు మాట వినగానే “వద్దు మాస్టారూ” అని ఊరు విడిచి పనికి వెళ్ళిపోయినాడు. ఆ అర్జీ నా పెట్టెలో ఇప్పటికీ ఉన్నది.

అందుచేత ఈ కమిషన్ చరిత్రను ఒక పండితుని దృష్టితో, మూడు మాటలను పట్టుకొని చెప్పదలచినాను. ఆ మాటలు ‘వచ్చును’, ‘ఏడాది’, ‘సిఫారసు’.

ప్రజల మొర ఆలకించుట రాజధర్మమని మనకు ఎవరూ క్రొత్తగా నేర్పనక్కరలేదు. బెజవాడ మాధవవర్మ కథ మన ప్రాంతంలో తెలియనివారు లేరు. రాకుమారుని రథం క్రింద పడి చింతచిగురు అమ్ముకొనే పేదరాలి బిడ్డ మరణించగా, రాజు తన కుమారునికే మరణదండన విధించినాడు. ఆ న్యాయబుద్ధికి మెచ్చి కనకదుర్గ పసిడి వాన కురిపించినదని స్థలపురాణం. ఈ కథను ఏళ్ళ తరబడి పాఠంగా చెప్పిన నాకు, చాలా ఆలస్యంగా ఒక సందేహం కలిగినది. రాజు మాధవవర్మ కాకపోయిన యెడల ఆ పేదరాలి గతి యేమి? రాజు మంచివాడైతేనే న్యాయం దొరకుననుట న్యాయం కాదు, అదృష్టం. అదృష్టంతో పని లేకుండా, నియమంగా వినే చెవి ఒకటి ఉండవలెనన్న ఆలోచనయే ఈ కమిషన్లకు మూలం.

1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనను ఆమోదించినది. అందులో 30 అధికరణలు ఉన్నవి. 1966లో వచ్చిన రెండు అంతర్జాతీయ ఒడంబడికలలో భారతదేశం 1979లో చేరినది. మన రాజ్యాంగం 21వ అధికరణలో ప్రాణానికీ స్వేచ్ఛకూ, 22వ అధికరణలో అరెస్టయిన మనిషిని 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెననుటకూ పూచీ పడినది. హక్కులు గ్రంథంలో ఉన్నవి. అవి పోలీసు ఠాణా గడపలో ఎందుకు ఆగిపోవుచున్నవన్నదే ప్రశ్న. న్యాయస్థానాలు తమవంతు చేసినవి. 1968లోనే నిర్దోషిగా తేలి, మరి 14 ఏండ్లు బీహారు జైలులో మగ్గిన రుదుల్ సాకు 1983లోనూ, ఒరిస్సాలో పోలీసు నిర్బంధంలో మరణించిన యువకుని తల్లి నీలబతి బెహరాకు 1993లోనూ సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించినది. కాని ప్రతి తల్లీ సుప్రీంకోర్టు దాకా పోలేదు కదా.

1993 సెప్టెంబరు 28న ఆర్డినెన్సు వచ్చినది. అక్టోబరులో జస్టిస్ రంగనాథ మిశ్రా అధ్యక్షులుగా జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏర్పడినది. 1994 జనవరిలో ఆ ఆర్డినెన్సు చట్టమైనది.

ఇక్కడ మొదటి మాట. జాతీయ కమిషన్‌ను కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవలెను అని 3వ సెక్షన్ అంటుంది. రాష్ట్ర కమిషన్ విషయంలో 21వ సెక్షన్, రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చును అంటుంది. ‘చేయవలెను’ విధ్యర్థకం, ‘చేయవచ్చును’ అనుమత్యర్థకం అని ఏడవ తరగతి పిల్లలకు చెప్పినవాడను. ఈ చిన్న భేదం రాష్ట్రంలో ఎన్ని సంవత్సరాలను మ్రింగినదో చూడండి. పశ్చిమ బెంగాల్ 1995లోనే తన కమిషన్‌ను ఏర్పరచుకొన్నది. మన ఆంధ్రప్రదేశ్ కమిషన్‌కు మొదటి అధ్యక్షులుగా జస్టిస్ బి. సుభాషణ్ రెడ్డి గారు వచ్చినది 2005లో. చట్టం పుట్టిన పన్నెండేళ్ళకు.

అప్పటివరకు మన రాష్ట్రంలో మొర లేక కాదు. దేశానికే వినిపించిన మొర మనది. 1970 దశకంలో పుట్టిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి మొదట మహాకవి శ్రీశ్రీ అధ్యక్షులు. తరువాత కె. జి. కన్నబిరాన్ గారు, బాలగోపాల్ గారు ఆ సంఘపు బాధ్యతలు మోసినారు. అత్యవసర పరిస్థితి నాటి ‘ఎన్‌కౌంటర్’ మరణాలపై 1977లో తార్కుండే కమిటీ విచారించినది, భార్గవ కమిషన్ కూర్చున్నది. రాజకీయాలలో వారితో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా, వారు అడిగిన ప్రశ్న సరళమైనది. ఒక మనిషి పోలీసు తూటాకు మరణించినప్పుడు, ఆ మరణాన్ని మిగిలిన మరణాల వలెనే దర్యాప్తు చేయరాదా?

ఈ ప్రశ్నతోనే ఆ సంఘం జాతీయ కమిషన్ వద్దకు పోయినది. ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చిన ఫిర్యాదులను విచారించిన కమిషన్ 1996 నవంబరులో ఉత్తర్వు ఇచ్చినది. దాని ఆధారంగా అప్పటి అధ్యక్షులు జస్టిస్ ఎం. ఎన్. వెంకటాచలయ్య 1997 మార్చి 29న అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ వ్రాసినారు. ఎన్‌కౌంటర్ మరణం గురించి తెలియగానే ఠాణా అధికారి దానిని రిజిస్టరులో నమోదు చేయవలెను. ఆ సమాచారాన్నే నేరం జరిగి ఉండవచ్చునన్న అనుమానానికి చాలినదిగా ఎంచి దర్యాప్తు జరుపవలెను. కాల్చినవారు ఆ ఠాణావారే అయితే దర్యాప్తును సి.ఐ.డి. వంటి వేరొక సంస్థకు అప్పగించవలెను. దేశమంతటికీ వర్తించిన ఈ నియమాలకు పుట్టినిల్లు మన తెలుగు నేల. అటువంటి నేలకు సొంత కమిషన్ మరి ఎనిమిదేళ్ళకు గాని రాలేదు.

ఆ ప్రశ్న అక్కడితో ఆగలేదు. 2009 ఫిబ్రవరిలో రాష్ట్ర హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయవలెనని తీర్పు చెప్పినది. సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలుపుదల చేసి, 2014 సెప్టెంబరులో మహారాష్ట్ర నుండి వచ్చిన వ్యాజ్యంలో 16 సూత్రాలు నిర్దేశించినది. అటువంటి మరణం సంభవించగానే జాతీయ కమిషన్‌కు గాని, రాష్ట్ర కమిషన్‌కు గాని ఆలస్యం లేకుండా తెలుపవలెననుట అందులో ఒకటి. అంటే రాష్ట్ర కమిషన్ ఉండి తీరవలసిన చోటు మరింత స్పష్టమైనది.

ఇంతకూ కమిషన్ చేతిలో ఏమున్నది? చట్టంలోని 12వ సెక్షన్ విధులను చెప్పుచున్నది. ప్రభుత్వ ఉద్యోగి మానవ హక్కులను ఉల్లంఘించినా, ఉల్లంఘనకు తోడ్పడినా, ఉల్లంఘనను ఆపవలసిన చోట నిర్లక్ష్యం వహించినా విచారింపవచ్చును. బాధితుడే రానక్కరలేదు, అతని పక్షాన మరొకరు రావచ్చును. ఎవరూ రాకున్నా, పత్రికలో చూచి తనంత తానుగా చేపట్టవచ్చును. కోర్టు అనుమతితో, అక్కడ నడుస్తున్న వ్యాజ్యంలో తన మాట చెప్పవచ్చును. జైళ్ళను, సంరక్షణ గృహాలను దర్శించి అక్కడివారి జీవన స్థితిగతులను పరిశీలింపవచ్చును. హక్కుల రక్షణకు ఉన్న చట్టాలను సమీక్షించుట, పరిశోధన చేయుట, హక్కుల గురించి ప్రజలకు చెప్పుట కూడ దాని పనులే. అంతర్జాతీయ ఒప్పందాల అధ్యయనం మాత్రం జాతీయ కమిషన్‌కే విడిచినారు. ఆస్తి తగాదాలు, ఇరుగుపొరుగు కలహాలు దీని పరిధిలోనివి కావు. రాష్ట్ర జాబితాలోను, ఉమ్మడి జాబితాలోను ఉన్న విషయాలకే రాష్ట్ర కమిషన్ విచారణ పరిమితం.

13వ సెక్షన్ అధికారాలను చెప్పుచున్నది. సివిలు కోర్టుకు ఉన్నట్లే సాక్షులను పిలిపించి ప్రమాణం మీద విచారించుట, పత్రాలు తెప్పించుట, ప్రమాణ పత్రాలపై సాక్ష్యం తీసికొనుట, ఏ కార్యాలయం నుండియైనా ప్రభుత్వ రికార్డులను కోరుట దీనికి గల అధికారాలు. దర్యాప్తుకు ఇన్‌స్పెక్టర్ జనరల్ స్థాయికి తగ్గని అధికారి క్రింద పోలీసు సిబ్బందిని ప్రభుత్వం ఇవ్వవలెను. విచారణ వలన ఎవరి ప్రతిష్ఠకు భంగం కలుగునో వారి మాటనూ కమిషన్ వినవలెను. వినుట అన్నది రెండు ప్రక్కలా ఉండవలెనని చట్టకర్తలు మరువలేదు.

నాకు ఇందులో మిక్కిలి విలువైనదిగా తోచినది రికార్డు తెప్పించే అధికారం. మా లంక గ్రామపు తల్లి వెళ్ళి అడిగితే ఠాణాలోని డైరీ ఎవరు చూపుతారు? కమిషన్ అడిగితే చూపవలెను, చూపలేకపోతే ఎందుకు లేదో చెప్పవలెను. డి. కె. బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు అరెస్టు విషయమై 11 నియమాలు విధించినది. అరెస్టు మెమో వ్రాయవలెననీ, దానిలో తేదీ, సమయం ఉండవలెననీ, కుటుంబ సభ్యుడో ఊరి పెద్దమనిషియో దానిపై సాక్షి సంతకం చేయవలెననీ అందులో ఉన్నది. తేదీ వ్రాయుట ఎంత పెద్ద రక్షణయో పోలీసులకు సుప్రీంకోర్టు చెప్పినది. దురదృష్టవశాత్తు, ఊరి పెద్దమనుషులమైన మాకు ఎవరూ చెప్పలేదు.

రెండవ మాట ‘ఏడాది’. ఈ గడువును నేను వ్యక్తిగత బాధతో చూస్తానని మీకు తెలిసినదే. అయినా దాని పక్షాన ఉన్న న్యాయాన్ని చెప్పవలెను. ఆనవాళ్ళు చెరిగిపోతవి, సాక్షులు మరచిపోతారు, పాత పగలు కొత్త అర్జీలై వస్తవి. అందుచేత గడువు ఉండవలసినదే. కాని పోలీసు దెబ్బ తిన్నవాని భయం ఏడాదిలో తీరునా? ఆ ఠాణా ముందు నుండియే అతను రోజూ పనికి పోవలెను. గడువు చదువుకొన్నవానికి సరిపోవును, భయపడినవానికి సరిపోదు. కనుక గడువు ఒకటున్నదని చాటి చెప్పుట చదువుకొన్నవారి ధర్మం. హక్కుల గురించి ప్రజలకు చెప్పుట కమిషన్ విధి అని చట్టం ఊరకే వ్రాయలేదు.

మూడవ మాట ‘సిఫారసు’. విచారణ ముగిసి ఉల్లంఘన జరిగినదని తేలినచో కమిషన్ ఏమి చేయగలదు? 18వ సెక్షన్ ప్రకారం బాధితునికి పరిహారం ఇమ్మని, బాధ్యులపై చర్య తీసికొమ్మని ప్రభుత్వానికి సిఫారసు చేయగలదు. హైకోర్టుకో, సుప్రీంకోర్టుకో స్వయంగా వెళ్ళగలదు. 2006 సవరణతో, విచారణ ముగియకముందే తాత్కాలిక సహాయం ఇమ్మని కూడ చెప్పగలదు. ప్రభుత్వం నెల రోజులలో తన సమాధానం తెలుపవలెను. ఏటేటా నివేదిక శాసనసభ ముందు ఉంచవలెను. ఏ సిఫారసునైనా అంగీకరించకపోతే కారణాలు అందులో చెప్పవలెను.

మన వాడుకలో సిఫారసు అనే మాటకు గౌరవం తక్కువ. ఉద్యోగం కోసం ఎమ్మెల్యే ఉత్తరం తెచ్చుకొనుట సిఫారసు. అందుచేత కమిషన్ సిఫారసును కూడ తోసివేయదగిన ఉత్తరంగా చూచుట పాలకులకు అలవాటైనది. దీనిపై 2021 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు విస్తృత ధర్మాసనం చక్కని తీర్పు ఇచ్చినది. ఆ సిఫారసు ప్రభుత్వం పాటించవలసినదే గాని ఇష్టం వచ్చినట్లు ప్రక్కన పెట్టదగినది కాదని చెప్పినది. అది తమిళనాడు వ్యాజ్యంలో వచ్చిన తీర్పే అయినా, పదార్థ నిర్ణయం మనకూ ఆలోచింపదగినది. పాటింపనక్కరలేని మాట చెప్పుటకు ఇంత సరంజామా, ఇందరు న్యాయమూర్తులు ఎందుకు?

ఇక ఆ న్యాయమూర్తుల సంగతి. 1993 చట్టంలో రాష్ట్ర కమిషన్ అంటే ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. 2006 సవరణతో సభ్యులు ఇద్దరే అయినారు. మొదట హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారే అధ్యక్షులు కాదగియుండిరి. 2019 సవరణతో హైకోర్టు న్యాయమూర్తిగా చేసినవారు కూడ అర్హులైనారు. పదవీకాలం ఐదేళ్ళ నుండి మూడేళ్ళకు తగ్గినది. ముఖ్యమంత్రి, సభాపతి, హోంమంత్రి, ప్రతిపక్ష నాయకుడు మొదలైనవారు కల సమితి సలహాపై గవర్నరు నియమిస్తారు. తొలగించే అధికారం మాత్రం రాష్ట్రపతిదే. రాష్ట్ర ప్రభుత్వాన్ని ప్రశ్నించవలసినవారు ఆ ప్రభుత్వానికి భయపడకూడదని ఈ కట్టుబాటు.

అన్ని కట్టుబాట్లూ చేసినవారు ఖాళీ కుర్చీ సంగతి మరచినారు. సుభాషణ్ రెడ్డి గారి తరువాత జస్టిస్ నిసార్ అహ్మద్ కక్రూ 2011 నుండి అధ్యక్షులుగా ఉన్నారు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైనది. 2016లో కక్రూ గారి పదవీకాలం ముగిసినది. తెలంగాణకు 2019 డిసెంబరులో జస్టిస్ జి. చంద్రయ్య అధ్యక్షులుగా కమిషన్ ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్‌కు కొత్త అధ్యక్షులు, జస్టిస్ మాంధాత సీతారామమూర్తి, 2021లో గాని రాలేదు. నాంపల్లిలో ఉండిన కార్యాలయం ఆ ఏడే కర్నూలుకు తరలినది. ఈ నడుమ ఏళ్ళ లెక్క చూచి, దాని ప్రక్కన 36వ సెక్షన్‌లోని ఏడాది గడువును పెట్టి చూడండి. అర్జీ పెట్టేవానికి ఏడాది దాటరాదు. అర్జీ వినేవాని కుర్చీ మాత్రం ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండవచ్చును! బాధితునికి విధ్యర్థకం, ప్రభుత్వానికి అనుమత్యర్థకం. నా వ్యాకరణం ఇంతకంటె కఠోరమైన ఉదాహరణను ఎరుగదు.

ఈ అన్యాయాన్ని సుప్రీంకోర్టు గుర్తించకపోలేదు. డి. కె. బసు కేసులోనే 2015 జూలైలో మరొక ఉత్తర్వు ఇచ్చుచు, 21వ సెక్షన్‌లోని ‘వచ్చును’ అనే మాట ఇష్టానికి విడిచిన అధికారం కాదనీ, బాధ్యతతో ముడిపడిన అధికారమనీ వివరించినది. కమిషన్లు లేని రాష్ట్రాలు ఏర్పాటు చేసికొనవలెననీ, ఉన్నచోట ఖాళీలను మూడు నెలలలో నింపవలెననీ ఆదేశించినది. వైయాకరణులు చేయవలసిన పనిని న్యాయమూర్తులు చేసినారు. అయినా మన కుర్చీ నిండుటకు ఆ తరువాత కూడ ఏళ్ళు పట్టినదన్నది చరిత్ర.

దూరం సంగతి కూడ ఒక్క మాట. మా ఊరివారు భీమడోలులో రైలెక్కితే ఒకప్పుడు హైదరాబాదుకు ఒక రాత్రి ప్రయాణం. కర్నూలు అంతకంటె దూరమే గాని దగ్గర కాదు. 2022 ఏప్రిల్‌లో మా ద్వారకా తిరుమల పశ్చిమ గోదావరి నుండి విడివడి ఏలూరు జిల్లాలో చేరినది, జిల్లా కచేరీ మునుపటి వలెనే దగ్గరలోని ఏలూరులోనే ఉండినందుకు అందరం సంతోషించినాము. వినే చెవి కూడ అట్లే దగ్గర కావలెనని కోరుట అత్యాశ కాదు. అర్జీని తపాలాలో పంపవచ్చును, రుసుము లేదు, తెలుగులో వ్రాయవచ్చును, వకీలు అక్కరలేదు. ఇన్ని సదుపాయాలు ఉన్నవన్న సంగతి లంక గ్రామాలకు చేరకపోవుటయే అసలు దూరం.

అరుగు మీద కూర్చున్న నా వద్దకు ఈనాటికీ ఎవరో ఒకరు కాగితం వ్రాసి పెట్టమని వస్తూనే ఉంటారు. పింఛను కాగితమే కావచ్చును, మరొకటే కావచ్చును. ఇప్పుడు నేను మొదటి పంక్తిలో విశేషణాలు వ్రాయను. ఏ రోజు, ఏ వేళ, ఏ చోట, ఎవరు, ఎవరు చూచినారు, ఆసుపత్రి చీటీ ఉన్నదా, కోర్టులో ఇదివరకే కేసు ఉన్నదా — ఈ ఏడు ప్రశ్నలు అడిగి, సమాధానాలు వరుసగా వ్రాసి, నకలు ఒకటి వారి చేతికి ఇస్తాను. తిథి చెప్పినవారికి పంచాంగం చూచి తేదీ వేసి పెడతాను. నా పాండిత్యం అక్కరకు వచ్చుచున్నది ఆ ఒక్కచోటనే.

ఆ కుర్రవానికిప్పుడు పెళ్ళయి, పిల్లలు కూడ ఉన్నారని విన్నాను. రెండేళ్ళ క్రిందట కార్తిక మాసంలో కొండ దిగి వస్తూ మా అరుగు ముందు ఆగి, “బాగున్నారా మాస్టారూ” అని నమస్కరించినాడు. మెట్లు దిగుటలో కుడికాలు కొంచెం ఆలస్యంగా పడుచున్నది. ఆనాటి కాగితం సంగతి అతను అడుగలేదు, నేనూ చెప్పలేకపోయినాను. అతనికి చెప్పలేనిది మీకు చెప్పినాను. మీ ఊళ్ళలో ఎవరైనా అటువంటి కాగితం కోసం వస్తే, ముందుగా తేదీ అడగండి.